ఆవిడ శ్రుతి అది కాదు

రిటైరైనవాళ్ళు కలం పట్టుకుంటే సొంత డబ్బా కొట్టుకుంటారని మీ తరం పిల్లలు నవ్వుకుంటారని నాకు తెలుసు. అందుకే నేను నా తప్పుతో మొదలుపెడుతున్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అది. దాన్ని దిద్దుకోవడానికి పదిమందిలో ఒక గొడవ చేశాను. తప్పు చేసినందుకు సిగ్గుపడ్డాను. గొడవ చేసినందుకు మాత్రం ఈరోజుకీ సిగ్గుపడటం లేదు, ఇకముందు పడే ఉద్దేశమూ లేదు.

మేము ఇల్లినాయ్‌లో, అరోరాలో ఉంటాం. విజయవాడలో సంగీతంలో డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒక యూనివర్సిటీ సంగీత గ్రంథాలయంలో పాత రికార్డుల విభాగంలో ఉద్యోగం దొరికింది. విభాగం బేస్‌మెంట్‌లో ఉండేది. వందేళ్ళనాటి గ్రామఫోన్ రికార్డును కడిగి, తుడిచి, దానికి సరిపడే ముల్లు ఎంచుకుని వాయించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫారం నింపడం నా పని. మనవాళ్ళ పార్టీల్లో పిల్లలెవరైనా "ఆంటీ, మీరు ఏ టెక్నాలజీ మీద వర్క్ చేస్తున్నారు?" అని అడిగితే "ముల్లు మీద" అనేదాన్ని. వాళ్ళు పాపం అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకునేవారు.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అమెరికనే, వారాంతాల్లో తన ఊరి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మధ్యాహ్నం మాత్రం నా పులిహోర డబ్బా వైపు ఓ చూపు విసిరేవాడు, నేను సగం పెట్టేదాన్ని. మా ఇద్దరి పైన డైరెక్టరమ్మ. మంచి మనిషే. ఎవరితోనూ చెడకూడదు అన్నది ఆవిడ జీవిత సూత్రం. ఆ సూత్రం నాకూ ఆవిడకూ మధ్యకి వచ్చేదాకా మేము బాగానే ఉన్నాం.

ఇక తప్పు సంగతి. ఒక ఇటాలియన్ ఒపెరాలో జైలు తలుపు ముందు ఒక భార్య పాడే పాట ఉంది. లోపల భర్త ఉన్నాడు, తెల్లారితే ఉరి. ఒక్కసారి చూడనిమ్మని కావలివాణ్ణి అడుగుతుంది. "తలుపు తియ్యి" అన్న మాట మూడుసార్లు వస్తుంది. ఆ మాట ఎలా పాడిందన్న దాన్నిబట్టే గాయని ఎంతటిదో తేలుస్తారు. మా దగ్గర ఆ పాట రికార్డులు ఐదు ఉండేవి. నాలుగు బాగా పేరున్నవాళ్ళవి. ఐదోది షికాగోలో కొన్నాళ్ళు పాడి, తర్వాత బట్టలు కుట్టుకుని బతికిన ఒక ఇటాలియన్ ఆవిడది. ఆవిడ జీవితం మొత్తంలో ఇచ్చిన రికార్డు అదొక్కటే.

పాత రికార్డులు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరుగుతాయని అంటారు గానీ అన్నీ తిరగవు. తీసిన రోజున యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగి ఉంటే, మనమూ అంతే నెమ్మదిగా తిప్పాలి. లేకపోతే పాట వేగం పెరుగుతుంది, గొంతు పైకి లేస్తుంది. అందుకని ఒపెరా స్వరాలు అచ్చేసిన పుస్తకంలో పాట ఏ స్వరం మీద ఉందో చూసి సరిపోల్చుకోవాలి. నేను సరిపోల్చాను. ఈవిడ పాట పుస్తకంలో ఉన్నదానికంటే అర శ్రుతి పైన ఉంది. అక్కడ పప్పులో కాలేశాను. "ఓహో, ఈవిడ శ్రుతి ఇది కాబోలు" అనుకున్నాను. మన సంగీతంలో అంతే కదా. ఎవరి గొంతుకి తగిన శ్రుతి వాళ్ళు పెట్టుకుంటారు, ఒకరిది ఐదు, ఒకరిది ఐదున్నర, అందులో తప్పేముంది? ఫారంలో "శ్రుతి గాయని ఎంపిక" అని రాసేశాను. డైరెక్టరమ్మ కింద సంతకం పెట్టింది. ఫైలు వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. ఆరేళ్ళపాటు ఆ సంగతి నాకు మళ్ళీ గుర్తు కూడా రాలేదు.

ఆ ఆరేళ్ళలో ఒక ప్రొఫెసరుగారు మా ఐదు రికార్డులూ విని ఒక పుస్తకం రాశాడు. ఆయన చెవి గొప్పదే, అది ఒప్పుకోవాలి. మొదటి గాయని తలుపు మీద వాలిపోయి ఏడుస్తూ అడుగుతుందనీ, రెండో ఆవిడ రాణిలా ఆజ్ఞాపిస్తుందనీ, మూడో ఆవిడ కావలివాడు తన కొడుకైనట్టు బుజ్జగిస్తుందనీ, నాలుగో ఆవిడ పైస్వరం పట్టుకుని చప్పట్లు పడేదాకా వదలదనీ రాశాడు. నేను ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఆ నాలుగూ మళ్ళీ విన్నాను. ప్రతి మాటా నిజమే. ఐదో ఆవిడకొచ్చేసరికి, ఆ పాటను ఎలా పాడకూడదో తెలుసుకోవడానికి ఈ రికార్డు పనికొస్తుందన్నాడు. గొంతు కీచుగా ఉందట. రైలు తప్పిపోతుందన్నట్టు తొందరట. మూడో "తలుపు తియ్యి"కి ముందు ఊపిరి చాలక ఆగిపోయిందట. అదీ నిజమే అనుకున్నాను నేను.

పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకి ఆ గాయని మనవరాలు మా బేస్‌మెంట్‌కి వచ్చింది. ఎనభై దాటినావిడ, వాకర్ పట్టుకుని, చెవిలో మిషన్ పెట్టుకుని వచ్చింది. హెడ్‌ఫోన్స్ ఇచ్చి పాట వినిపించాను. సగంలోనే తీసేసింది.

"ఇది మా నానమ్మ కాదు," అంది.

పాత రికార్డులు అలాగే ఉంటాయండీ అని సర్దిచెప్పబోయాను. అలా ఎంతమందికి చెప్పి ఉంటానో.

"నాకు చెప్పకు," అంది ఆవిడ. "చిన్నప్పుడు నానమ్మ వీపుకి చెవి ఆనించి పడుకునేదాన్ని. ఆవిడ కూనిరాగం తీస్తే నా దవడ ఎముక అదిరేది. అంత కింద ఉండేది ఆ గొంతు. ఈ పిల్ల ఎవరో నాకు తెలీదు. నువ్వు వేరేవాళ్ళ రికార్డుకి మా నానమ్మ పేరు అంటించావేమో చూసుకో."

ప్రొఫెసరుగారికి ఉత్తరం రాసిందట. చిన్ననాటి జ్ఞాపకాలు మధురంగానే ఉంటాయని ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చాడట. వెళ్ళేముందు ఆవిడ లిఫ్ట్ దగ్గర ఆగి, "నాకు పిల్లల్లేరు. నేను పోయాక మా నానమ్మ గురించి ఈ లోకంలో మిగిలేది ఆ పుస్తకంలో ఆ ఒక్క పేజీయే. అది ఎలా ఉందో నువ్వూ చదివావుగా," అంది.

మర్నాడు అసలు రికార్డు బయటికి తీశాను. లేబుల్ చూశాను. ఆ పేరే, ఆ రికార్డే. ఏమీ తోచక పెద్దాయనను పిలిచి వినమన్నాను. పాట మొదలవకముందు వయొలిన్ మూడుసార్లు ఒకే కింది స్వరం పలుకుతుంది, తలుపు తట్టినట్టు. అది వింటూనే ఆయన మొహం చిట్లించాడు.

"అది వయొలిన్‌లో అన్నిటికంటే కింది తీగ. వేలు పెట్టకుండా వాయిస్తున్నాడు, మోత వినపడుతోందిగా. కానీ అర మెట్టు పైన పలుకుతోంది. ఎందుకు?"

"గాయని శ్రుతికి తగ్గట్టు తీగలు బిగించుకుని ఉంటారు," అన్నాను ధీమాగా. మన కచేరీల్లో అదే పద్ధతి. పాడేవాళ్ళ శ్రుతికి వయొలిన్ వస్తుంది గానీ, వయొలిన్ శ్రుతికి పాడేవాళ్ళు వెళ్ళరు.

ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత నవ్వాడు. అన్నేళ్ళలో ఆయన పళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

"గాయని కోసమా? వయొలిన్ వాళ్ళా? అమ్మా, మేము గాయని కోసం కుర్చీ కూడా జరపం."

అంటే తీగ బిగించలేదు, నేనే రికార్డును వేగంగా తిప్పాను. వేగం కొంచెంకొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. ఒకచోట ఆ కింది తీగ తన స్వరంలోకి వచ్చి కూర్చుంది. పాట అచ్చు పుస్తకంతో సరిగ్గా సరిపోయింది. ఆపకుండా చివరిదాకా విన్నాం. అయిపోయాక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. వందేళ్ళ కిందట ఒక మనిషి తన ప్రాణం పెట్టి పాడినదాన్ని, నాకు అన్నీ తెలుసన్న ధీమాతో నేను కీచురాయిని చేసి ఊరిమీద వదిలాను.

డైరెక్టరమ్మకి చెప్పాను. ఆవిడ తెల్లబోయింది, ఎందుకంటే ఆ ఫారం మీద సంతకం ఆవిడది. పైగా పది రోజుల్లో మా హాల్లోనే ప్రొఫెసరుగారి సభ ఉంది. ఐదు రికార్డులూ వినిపిస్తూ, ఎవరు ఎలా పాడారో పోల్చి చెబుతాడు. పాటలు వేసే పని నాది.

"ప్రోగ్రాం అయిపోనీ. తర్వాత మెల్లగా కొత్త ఫైలు పెట్టేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు," అంది.

"మనవరాలు వస్తోందండీ. ముందు వరసలో సీటు అడిగింది."

"ఆవిడకి తర్వాత నేను ఫోన్ చేస్తాలే. అతిథిని పిలిచి అవమానించలేం కదా."

అతిథికి అవమానం జరగకూడదు. చచ్చిపోయిన గాయనికి జరిగితే ఫరవాలేదు. ఆ లెక్క నాకు ఎంత ఆలోచించినా ఎక్కలేదు. ఇంటికొచ్చి మావారికి చెబితే ఆయన లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా తీర్పు ఇచ్చేశారు.

"డైరెక్టర్ చెప్పింది కరెక్టే కదా. మా దగ్గర ప్రొడక్షన్‌లో బగ్ వస్తే ఏం చేస్తాం? సైలెంట్‌గా ఫిక్స్ చేసి పుష్ చేసేస్తాం. కస్టమర్‌కి ఫోన్ చేసి మరీ చెప్తామా?"

"ఆ బగ్ వల్ల కస్టమర్ వాళ్ళ నానమ్మ పరువు పోతే చెప్తారా, చెప్పరా?"

"నువ్వు ప్రతిదానికీ ఎమోషనల్ అవుతావ్. ఇంకో రెండేళ్ళల్లో రిటైర్ అవ్వబోతూ ఈ డ్రామా నీకు అవసరమా? వార్నింగ్ లెటర్ ఇస్తే ఏం చేస్తావ్?"

"తీసుకుంటానండీ. ఇరవై ఏళ్ళలో నాకేదీ ఇవ్వలేదు వాళ్ళు, అదైనా ఇవ్వనీండి."

ఆయన లాప్‌టాప్ మూసి, "ఐతే ఆ రోజు నేనూ వస్తా. నువ్వు ఉద్యోగం పోగొట్టుకుంటే డ్రైవ్ చేసి ఇంటికి తీసుకురావడానికి ఒకరుండాలిగా," అన్నారు. మావారి దగ్గర ఇంతకంటే మద్దతు ఆశించడం అత్యాశ.

ఒక్క మాట చెబుతాను. నేను ఎవరినీ వెనకనుంచి పొడవలేదు. సభకి గంట ముందు, డైరెక్టరమ్మ వద్దన్నా, ప్రొఫెసరుగారిని వెతుక్కుంటూ వెళ్ళి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. తప్పు నాదనీ, ఆ రికార్డు నిజంగా ఎలా ఉంటుందో రెండు నిమిషాలు వినమనీ అడిగాను. హెడ్‌ఫోన్స్ చేతిలో పట్టుకునే వెళ్ళాను. ఆయన అవి తీసుకోలేదు.

"వేగం కాస్త మారినంత మాత్రాన గాయని స్వభావం మారదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నేను యాభై ఏళ్ళుగా గొంతులు వింటున్నాను. నువ్వు మీట నొక్కు, చాలు."

వెనక గదిలో, మీటల ముందు కూర్చున్నాను. హాలు నిండింది. ముందు వరసలో మనవరాలు, వాకర్ పక్కన పెట్టుకుని, నీలం రంగు కోటు వేసుకుని కూర్చుంది. ప్రొఫెసరుగారు ఒక్కొక్క గాయని గురించీ చెబుతుంటే, నేను ఒక్కొక్క పాటా వేశాను. ఏడ్చిన ఆవిడకు జనం నిట్టూర్చారు. రాణిలా పాడిన ఆవిడకు నిటారుగా కూర్చున్నారు. ఎంత బాగా చెప్పాడో ఆయన. అంత చెప్పగలిగిన మనిషి రెండు నిమిషాలు వినలేకపోయాడే అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఐదోది వేయమని చెయ్యి ఊపాడు. వేశాను, పాతదే, ఆయన అడిగిందే. మూడో "తలుపు తియ్యి"కి ముందు ఆ ఆగడం వచ్చింది, ఎక్కిళ్ళు వచ్చినట్టు. ఆయన కనుబొమలు ఎగరేసి తన వాచీ చూసుకున్నాడు. హాలంతా నవ్వింది. ముసలావిడ తన ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. చెవి మిషన్ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

నేను మైకు తీసుకున్నాను. ఆ మైకు ఏదైనా సాంకేతిక లోపం వస్తే చెప్పడానికి పెట్టినది. లోపమే కదా వచ్చింది. గది తలుపు తీసుకుని బయటికి వచ్చి, వెనక వరసల మధ్య నిలబడ్డాను. నా ఇంగ్లీషు మామూలుగానే తడబడుతుంది, ఆ రోజు ఇంకా తడబడింది. ఐనా ఆపలేదు.

"ఒక్క నిమిషం ఉండండి. ఈ రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేను. వేగం తప్పుగా పెట్టాను. మీరు ఇప్పుడు నవ్వింది నా తప్పుకి. ఆవిడ పాట మీరింకా వినలేదు. ఇప్పుడు వినండి."

డైరెక్టరమ్మ పక్క తలుపు దగ్గరనుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది. చూశాను. చూసి కూడా గదిలోకి వెళ్ళి మీట నొక్కాను. ముందు వరసలో ఎవరో మనవరాలి భుజం తట్టారు. ఆవిడ మిషన్ మళ్ళీ చెవిలో పెట్టుకుంది.

వయొలిన్ మూడుసార్లు తలుపు తట్టింది. తర్వాత ఆ గొంతు వచ్చింది. బరువుగా, నిదానంగా, నేల మీద గట్టిగా పాదాలు ఆనించి నిలబడ్డ మనిషి గొంతు. మొదటి "తలుపు తియ్యి" మామూలుగా, ఇరుగుపొరుగువాళ్ళను అడిగినట్టు అడిగింది. రెండోది ఇంకా తగ్గించి అడిగింది. తర్వాత ఆగింది. సరైన వేగంలో అది ఇంకాస్త సాగింది. అంతసేపూ ఆవిడ కావలివాడి జవాబు కోసం చూస్తోందని ఆ హాల్లో పసిపిల్లలకైనా తెలిసేది. జవాబు రాలేదు. అప్పుడు మూడోసారి పాడింది. అందులో ఏడుపు లేదు, బుజ్జగింపు లేదు, బతిమాలడం అసలే లేదు. తీసేదాకా ఇక్కణ్ణుంచి కదలను, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు పాడింది. మిగతా నలుగురిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

పాట అయిపోయాక మనవరాలు తల ఎత్తింది. వినికిడి తక్కువవాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా మాట్లాడింది.

"ఆఁ. ఈవిడే." తర్వాత వేదిక వైపు తిరిగి, "మా నానమ్మ ఊపిరి చాలక ఆగలేదండీ," అంది.

ప్రొఫెసరుగారు కాగితాలు సర్దుకున్నాడు. టైమ్ ఐపోయిందన్నాడు. ఇంకా ఇరవై నిమిషాలు ఉంది. వెనకనుంచి ఎవరో మళ్ళీ వేయమని అరిచారు. మా పెద్దాయన అనుకుంటాను, ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. మళ్ళీ వేశాను.

సోమవారం మీటింగ్ పెట్టారు. అనుమతి లేకుండా సభకు అంతరాయం కలిగించినందుకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు, క్షమాపణ రాసివ్వమన్నారు. రాశాను. ఆరేళ్ళు మీ నానమ్మ గొంతును పాడుచేసినందుకు నన్ను క్షమించమని మనవరాలికి రాసి, దాని కాపీ డైరెక్టరమ్మకి ఇచ్చాను. ప్రొఫెసరుగారికి రాయలేదు. ఆయనకు చెప్పవలసింది సభకి గంట ముందే చెప్పేశాను. ఆయన పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు ఆ పేజీ పూర్తిగా మారింది. ఎందుకు మారిందో ఎక్కడా రాయలేదు. మనవరాలు ఆ కొత్త పేజీ చదివి, ఫోన్ చేసి, ఈ ముక్క మొదటే రాసుంటే తనకు బస్సు ఛార్జీలు మిగిలేవని విసుక్కుంది. తర్వాతి చలికాలంలో ఆవిడ పోయింది.

అసలు పోరాటం మాత్రం ఆ సోమవారమే మొదలైంది. కొత్త ఫైలు పెట్టి పాతది తీసేద్దాం, శుభ్రంగా ఉంటుంది, మీకూ మంచిదే అంది డైరెక్టరమ్మ. తీయడానికి వీల్లేదన్నాను. పాత పుస్తకం లైబ్రరీల్లో ఉంది, చదివేవాళ్ళు చదువుతూనే ఉంటారు. ఆవిడ అలా ఎందుకు వినిపించిందో వాళ్ళకు తెలియాలంటే తప్పు ఫైలు అక్కడే ఉండాలి, తప్పు ఎవరిదో దాని కిందే రాసి ఉండాలి. ఎక్కించినవాళ్ళ పేర్లు వేసే పద్ధతి మాకు లేదంది. ఇప్పుడు పెట్టండి అన్నాను. నాలుగు నెలలు ఉత్తరాలు రాశాను. ఒక్కొక్క ఉత్తరం కిందా పెద్దాయన అడక్కుండానే వచ్చి రెండో సంతకం పెట్టాడు. చివరికి నా నస భరించలేకే ఒప్పుకున్నారు.

వేల రికార్డులు ఎక్కించాను. ఏ ఒక్కదాని కిందా నా పేరు ఉండదు. ఈ ఒక్కదాని కింద ఉంది. మొదటి ప్రతి, వేగం తప్పు, పొరపాటు ఎక్కించినవారిది అని రాసి, పక్కన ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు ఉంటుంది. నా ఆఖరి రోజున డైరెక్టరమ్మ కేకు ముక్క చేతికిస్తూ, ఇప్పుడు వెళ్ళిపోతున్నారుగా, పోనీ మీ పేరు తీసేయమంటారా అని మర్యాదగా అడిగింది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఆ హాలుకి వచ్చి మళ్ళీ మైకు పట్టుకుంటానని చెప్పి, కేకు తిని, ఇంటికొచ్చేశాను.